మూడుసార్లు ఎత్తిన చెయ్యి

చేటలో బియ్యం సగానికి పైగా ఏరడం అయిపోయింది. పుష్పలత వేళ్లు రాళ్లను ఒక పక్కకు, వడ్లను ఇంకో పక్కకు తోస్తున్నాయి. చెవులు మాత్రం నాగలక్ష్మి మాటల మీద ఉన్నాయి. పొయ్యి ముందు కూర్చుని చాయ్ కాస్తున్న నాగలక్ష్మి నిద్ర లేచిన దగ్గర్నుంచీ ఒకటే పాట పాడుతోంది.

"ఆ పిల్లను ఇయ్యాల బడికి రావద్దని చెప్పు పుష్పా. బడి తనిఖీకి ఎంఈవో సారు వస్తున్నడు. అది ఉన్న జాగల ఊకె కూసుంటదా?"

"రావద్దని నేనెట్ల చెప్తనక్కా? పిల్లల్ని రమ్మని చెప్పెతందుకే కదా నన్ను పెట్టుకున్నది."

"నువ్వు చెప్పకుంటే హెడ్మాస్టర్ సారు చెప్తడు. నీ లెక్క నోటితోని కాదు, బెత్తంతోని."

పుష్పలత చేటను ఒకసారి ఎగరేసి, మళ్లీ వంగి ఏరసాగింది. మాటకు మాట అనే అలవాటు ఆమెకు లేదు. కారేపల్లి దగ్గర పల్లెలో పుట్టి, అక్కడి బళ్లోనే చదివి, ఇంటర్ పాసై, రెండేళ్ల కింద విద్యా వాలంటీర్‌గా అడవి అంచున ఉన్న ఈ జిన్నెలగూడేనికి వచ్చింది. ప్రతి జూన్‌లో హెడ్మాస్టర్ ఈమె పని బాగుందని కాగితం రాసిస్తేనే ఇంకో ఏడు ఉంటుంది, లేకపోతే మూట కట్టుకుని ఇంటికే. నాగలక్ష్మి ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుంది. నాగలక్ష్మీ ఈ ఊరిది కాదు. ఇల్లందు బొగ్గుబాయిల్లో మొగుడి పని పోయాక ఇద్దరూ కిందటేడే ఇక్కడికొచ్చి చిన్న కొట్టు పెట్టుకున్నారు. బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఆ బియ్యమే ఇద్దరూ రోజూ పొద్దున కూర్చుని ఏరుతారు.

"ఆ పిల్ల" అంటే పూనెం ముత్తక్క. మూడో తరగతి. ఎనిమిదేళ్లు.

బడికి రెండు గదులు, ఇద్దరు టీచర్లు. నాలుగు, ఐదు తరగతులు హెడ్మాస్టర్ రాంబాబువి. ఒకటి నుంచి మూడు దాకా పుష్పలతవి. ఆ గదిలో కోయగూడెం పిల్లలు ఇరవై ఆరుగురు, పక్క తండా పిల్లలు పది మంది. ముప్పై ఐదు మంది ఒక ఎత్తు, ముత్తక్క ఒక్కతే ఒక ఎత్తు. పాఠం మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోతుంది. పలకను మద్దెలలా వాయిస్తుంది. ఒకటో తరగతి పిల్లల మధ్య దూరి గుసగుసలాడుతుంది. ఒకరోజు గదిలోకి మేకపిల్లను తోలుకొచ్చి, "ఇది కూడ అ ఆ నేర్సుకుంటది టీచరూ" అంది.

రాంబాబు సార్ పద్ధతి రాంబాబు సార్‌ది. గదికొక లీడర్‌ను పెట్టి, మాట్లాడిన వాళ్ల పేర్లు నల్లబల్ల మీద రాయిస్తాడు. పేరు ఉన్నవాళ్లకు గోడకుర్చీ. పుష్పలత గదిలో లీడర్ తండా పిల్లవాడు బద్యా. వాడు పొద్దున ప్రార్థన కాకముందే బల్ల మీద ముత్తక్క పేరు రాసి పెట్టుకునేవాడు.

"ఇంకా మాట్లాడనే లేదు కదరా" అని పుష్పలత అడిగితే, "మాట్లాడుద్ది టీచర్. మల్లమల్ల లేచుడెందుకని" అనేవాడు.

ఆమె ఆ పేర్ల పద్ధతి మానిపించింది. కిందటేడు వాలంటీర్లకిచ్చిన ట్రైనింగ్‌లో ఒక పెద్దావిడ చెప్పిన మాట ఆమెకు గుర్తుండిపోయింది. పిల్ల అల్లరి చేస్తే కొట్టే ముందు రాసుకోండి, అల్లరికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని. మిగతావాళ్లు నవ్వారు. పుష్పలత ఒక నలభై పేజీల నోటుబుక్కు కొని రాయడం మొదలుపెట్టింది. పదీ ఇరవైకి లేచింది. పదకొండున్నరకు పలక వాయించింది. నెల తిరిగేసరికి ఆమెకు ఒక సంగతి తెలిసింది. ముత్తక్క లేచే ప్రతిసారీ, అంతకుముందు ఒకటో తరగతి పిల్లల్లో ఎవరికో పుష్పలత చెప్పిన తెలుగు అర్థం కాక నోరు తెరుచుకుని చూస్తూ ఉంటారు. వాళ్లలో దూరి ముత్తక్క ఆడే గుసగుస ఆ పాఠమే, వాళ్ల కోయ మాటలో.

అప్పటినుంచి ఆమె ముత్తక్కకు ఆ పనే అప్పజెప్పింది. నేను చెప్పినంక నువ్వు చెప్పు. కిటికీ దగ్గరికి పోవాలంటే నీళ్ల బిందె చూసి రా. ఇంకేమన్నా చెప్పాలంటే మాత్రం అరవొద్దు, చెయ్యెత్తు.

"చెయ్యెత్తితే ఇంటవా?" అని ముత్తక్క అడిగింది.

"వింట."

"ఎప్పుడెత్తినా?"

"ఎప్పుడెత్తినా."

నోటుబుక్కులో రాసే సంగతులు తగ్గుతూ వచ్చాయి. నవంబర్‌లో రోజుకు ఆరేడు ఉండేవి, జనవరి వచ్చేసరికి వారానికి రెండో మూడో.

ఆ పొద్దున ఏరిన బియ్యం ఎత్తుకుని ఇద్దరూ బడికి వెళ్లేసరికి రాంబాబు సార్ బండి ముందే వచ్చి ఉంది. వెనక సీటుకు కట్టిన గోనెసంచి విప్పి, వరండాలో గుమ్మరించాడు. నవనవలాడే చిక్కుడుకాయలు. వేంసూరులో తన దొడ్లో కాసినవి.

"రోజూ నీళ్ల పప్పేనా పాపం పిల్లలకి? ఇవ్వాళ చిక్కుడుకాయ కూర వండమ్మా నాగలక్ష్మీ. ఎంఈవో గారు కూడా ఇక్కడే తింటారు" అన్నాడు. కాయలను చూసుకుంటున్న ఆయన మొహంలో నిజమైన సంతోషం ఉంది.

"సార్ కడుపు సల్లగుండ. మా సారుకు బెత్తమే ఉందనుకున్న, దొడ్డి కూడ ఉందా!" అంది నాగలక్ష్మి. ఆయన కూడా నవ్వేశాడు.

నాగలక్ష్మి వరండాలో కూర్చుని కాయల ఈనెలు తీయసాగింది. పదిన్నరకు ఎంఈవో వచ్చి, పుష్పలత గదిలో వెనక కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

పదీ నలభైకి ముత్తక్క చెయ్యెత్తింది.

అరవలేదు, లేవలేదు. కూర్చున్న చోటే చెయ్యి నిటారుగా ఎత్తి పట్టుకుంది. పుష్పలత బల్ల మీద కూడికలు రాస్తోంది. వెనక పెద్దాయన కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. ఆమె కళ్లతోనే 'తర్వాత' అంది. పదకొండూ ఐదుకు మళ్లీ ఎత్తింది. ఈసారి పుష్పలత దగ్గరికి వెళ్లి, "తర్వాత చెప్పు, సారున్నరు కదా" అని చెవిలో అంది. పన్నెండుకు పది నిమిషాలుందనగా మూడోసారి ఎత్తి, లేచి నిలబడబోయింది. పుష్పలత ఆ పిల్ల భుజం పట్టుకుని మెత్తగా కిందికి నొక్కింది. ముత్తక్క కూర్చుంది. చెయ్యి కాసేపు అలాగే పైన ఉండి, తర్వాత దించుకుంది.

"క్లాసు బాగుందమ్మా. అడవి పిల్లలైనా ఒద్దికగా కూర్చున్నారు" అన్నాడు ఎంఈవో. ఆ మాటకు పుష్పలతకు లోపల ఎంతో హాయిగా అనిపించింది. తర్వాత తలుచుకుని సిగ్గుపడింది ఆ హాయికే.

గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరండాలో వరసగా కూర్చున్నారు. ముత్తక్క కూర్చోకుండా నాగలక్ష్మి దగ్గరికి ఉరికి ఆమె కొంగు లాగింది.

"అక్కా, ఆ కూర పెట్టొద్దు. అది తినొద్దు."

"అబ్బో, చిక్కుడు నచ్చదా దొరసానికి? పోయి లైన్ల కూసో."

గరిటె తిరిగింది. అందరి పళ్లేల్లో అన్నం, అన్నం మీద కూర పడ్డాయి. ఒకటో తరగతి పిల్లలు ముద్ద కలిపి నోటి దాకా ఎత్తారు. అప్పుడు ముత్తక్క తన పళ్లేన్ని నేలకేసి టంగుటంగుమని కొడుతూ, తమ మాటలో గొంతు చించుకుని అరిచింది. వరస మొత్తంలో కోయగూడెం పిల్లల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మరీ చిన్నవాళ్లు మాత్రం ఆగలేదు. ఆమె వరస వెంట ఉరుకుతూ వాళ్ల ముద్దలు కొట్టేసింది, పళ్లేలు బోర్లించింది. ఆ ఊపులో తండా పిల్లల పళ్లేలు కూడా నాలుగు ఎగిరిపడ్డాయి. "నాది పారబోసింది టీచర్! మాకేం కాదు, మేం తింటం!" అని బద్యా ఏడుపందుకున్నాడు. చివరకు ముత్తక్క కూర గిన్నెను కాలితో ఒక్క తన్ను తన్నింది. గిన్నె దొర్లుకుంటూ పోయి, చిక్కుడుకాయ కూర ఎంఈవో తెల్ల ప్యాంటు మీద చిందింది.

రాంబాబు సార్ వచ్చి ముత్తక్క చెంప మీద కొట్టాడు. ఆ చప్పుడుకు బద్యా కూడా ఏడుపు ఆపేశాడు.

ముత్తక్క ఏడవలేదు. కొట్టినాయన వైపు చూడలేదు. పుష్పలతను చూస్తూ, "నేను మూడుసార్లు చెయ్యెత్తిన" అంది.

ఎంఈవో ప్యాంటు కడుక్కుని, జీపెక్కుతూ, "తినే పిల్లల కంచాలు తన్నే దాన్ని బళ్లో ఎట్లా ఉంచుతున్నారండీ? రేపటికి నాకు రిపోర్టు కావాలి" అని వెళ్లిపోయాడు. రాంబాబు సార్ నుదురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సాయంత్రం బడి వదలగానే పుష్పలత కోయగూడెం వెళ్లింది. ముత్తక్క తండ్రి జంపయ్య పాక ముందు గొడ్డలికి పిడి దిగేస్తున్నాడు. ఎప్పుడూ టీచరమ్మను చూడగానే మంచం వాల్చేవాడు, ఈసారి తలెత్తలేదు.

"నా పిల్లను నేనే ఏనాడూ కొట్టలే టీచరమ్మ."

"తప్పయిందన్నా. ఏం జరిగిందో తెల్సుకుందామని వచ్చిన."

"ఏం జరిగిందా? చిక్కుళ్ల పండుం, మా పండుగ, ఇంకా చెయ్యలే. వచ్చే బుధవారమని మా పెద్ద చెప్పిండు. కొత్త చిక్కుడు ముందు మా దేవతకు పెట్టాలె, అటెన్క మేం తినాలె. ముందుగాల ఎవ్వలు ముట్టినా ఊరంతటికీ కీడే. పాలు తాగే పిల్లగాండ్ల కాడికెల్లి గొడ్డుగోదా దాక." పిడిని రాయి మీద గట్టిగా గుద్దాడు. "మా పిల్ల ఊరినంత కాపాడింది. మీ సారు చెంప మీద కొట్టిండు. ఇంక బడి వద్దు. రేపు మిరప కోతకు మాతోని తీస్కపోత."

"ఒక్క మాట ఇను అన్నా. తీస్కపోకు."

"సారే పేరు కొట్టేస్తనని కబురు పంపిండు. ఇంక నేను తీస్కపోతే ఏంది, ఉంచితే ఏంది?"

ముత్తక్క పాక వెనక దడి కానుకుని కూర్చుని ఉంది. పుష్పలత ఎదురుగా నేల మీద కూర్చుంది.

"తప్పు నాది ముత్తక్కా."

ఆ పిల్ల దడిలోంచి ఒక పుల్ల లాగి విరిచింది. తర్వాత, "చెయ్యెత్తితే ఇంటనన్నవు" అంది.

పుష్పలత లేచి, నేరుగా ఇంటికి వచ్చి, ముందు గదిలో కాగితం తీసి రాయడానికి కూర్చుంది.

పొద్దు గూట్లో పడే వేళకు రాంబాబు సార్ వచ్చాడు. సంచిలోంచి హాజరు రిజిస్టరూ, టైపు చేయించినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన కాగితమూ తీసి మంచం మీద పెట్టాడు. నాగలక్ష్మి చాయ్ తెచ్చిచ్చి, పోకుండా తలుపు దగ్గరే నిలబడింది.

"చదువుకుని సంతకం పెట్టమ్మా. ఈ పిల్ల మొదటి నుంచీ క్లాసు సాగనివ్వడం లేదు, తోటి పిల్లల మీద పడుతోంది, మనవల్ల కాదు అని రాశాను. క్లాసు టీచర్ సంతకం లేకపోతే రిపోర్టు నిలవదు. ఇంకోటి, నువ్వేదో నోటుబుక్కులో ఆ పిల్ల అల్లరంతా రాస్తున్నావంట కదా? బద్యా చెప్పాడు. అది కూడా ఇవ్వు. తేదీలతో సహా ఉంటే ఇంక అడిగేవాడుండడు."

పుష్పలత గూట్లోంచి నోటుబుక్కు తీసింది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"చదువుత సార్, వినండి" అని ఆఖరి పేజీ తెరిచింది. "పదీ నలభై. చెయ్యెత్తింది. నేను తర్వాత అన్న. పదకొండూ ఐదు. చెయ్యెత్తింది. నేను తర్వాత అన్న. పదకొండూ యాభై. చెయ్యెత్తింది. నేను భుజం పట్టి కూర్చోబెట్టిన. పన్నెండున్నర. వంటామెకు చెప్పింది. వంటామె పొమ్మంది."

"అవ్ మల్ల, నేనే పొమ్మన్న" అంది తలుపు దగ్గర నాగలక్ష్మి. "నాకేం ఎరుక?"

"పన్నెండూ ముప్పై ఐదు. గిన్నె తన్నింది." పుష్పలత పుస్తకం మూసింది. "తినొద్దన్న కొత్త చిక్కుడు సార్ అది. వాళ్ల పండుగ కాలేదు. కోయ పిల్లలందరి నోట్లోకి పోతుంటే ఆపింది. మనం నేర్పిన దారులన్నీ పట్టింది. ఏ దారిలోనూ మనం లేం."

రాంబాబు సార్ మొహం ఎర్రబడింది. "మా ఆవిడ పొద్దున్నే మంచులో నిలబడి కోసిందమ్మా ఆ కాయలు. పిల్లలు తింటారని. నేనేమన్నా విషం తెచ్చానా?"

"మంచిగనే తెచ్చిండ్రు సార్. కాని ఎవ్వరినీ అడగకుండ తెచ్చిండ్రు. నేనూ అడగలే. రెండేండ్ల నుంచి ఈడున్న, వాళ్ల పండుగ ఎప్పుడని ఒక్కనాడు అడగలే."

"ఆ పాఠాలు నాకెందుకిప్పుడు? పైవాడు రిపోర్టు అడిగాడు. తప్పు పిల్లది కాదంటే నాదనాలి. ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకు మచ్చ లేదు."

"నాదని రాయండి."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నేను రాసిన కూడ." మంచం కోడు పక్కన మడిచి పెట్టిన కాగితం తీసి చూపించింది. "మూడుసార్లు చెయ్యెత్తితే టీచర్ వినలేదు, అందుకే ఇదంతా అయింది అని. సంతకం పెట్టిన. పిల్లను చెంప మీద కొట్టిన సంగతి కూడ రాసిన. రేపు మధ్యాహ్నం బస్సుకు పోయి ఎంఈవో సారు చేతికే ఇస్త."

"ఓహో! నోట్లో నాలుక లేదనుకున్నానే ఇన్నాళ్లూ!" చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "జూన్‌లో నీ కాగితం మీద సంతకం చేయాల్సింది నేనే, మర్చిపోయావా?"

"మర్చిపోలే సార్."

"ఇంటికి పోతావు."

"పోత. జూన్‌ల పోత. అప్పటిదాక ఆ గది నాది."

"పుష్పా, మెల్లగ..." అని నాగలక్ష్మి గొణిగింది. పుష్పలత గొంతు పెంచనే లేదు. పెంచితే బాగుండేదేమో, ఆయనకు అరవడానికి వీలయ్యేది.

రాంబాబు సార్ రిజిస్టర్ విప్పాడు. మూడో తరగతి పేజీ తీసి, జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పాడు. పాళీ పూనెం ముత్తక్క అన్న పేరు మొదట్లో ఆనింది.

"నువ్వు సంతకం పెట్టకపోయినా దీన్ని కొట్టేయగలను నేను. హెడ్మాస్టర్‌ను."

"కొట్టేయండి సార్" అంది పుష్పలత. "పొద్దున కోడి కూసే వేళకే గూడెం పోత. జంపయ్యన్న మిరప కోతకు తీస్కపోకముందే పిల్లను అడిగి తెచ్చుకుంట. అది రానంటే దినాం పోత. హాజరు పిలిచేది నేనే. మీరు గీత కొట్టినా ఆ పేరు నేను పిలుస్త. అది పలుకుద్ది. ముప్పై ఐదు మంది పిల్లలు వింటరు. గీత కొట్టిన పేరును టీచర్ ఎందుకు పిలుస్తుందని అడిగితే ఎందుకో చెప్త. ఎంఈవో సారు మళ్లొచ్చి వెనక కూసున్నా పిలుస్త. ఆపాలనుకుంటే నన్ను ఆపాలె మీరు, దాన్ని కాదు."

కొట్టు ముందు ఎవరో బీడీకట్ట అడుగుతున్నారు, నాగలక్ష్మి వెళ్లలేదు.

రాంబాబు సార్ ఆ పేరు వైపే చూస్తూ ఉన్నాడు. ఆ పేరుకెదురుగా ఉన్న గళ్లు చూశాడు. జూన్ నుంచి జనవరి దాకా, వానలు పడి వాగు పొంగిన రోజులు నాలుగు తప్ప, ప్రతి గడిలోనూ హాజరే. క్లాసులో అందరికంటే ఎక్కువ. ఆయన వేలు ఆ వరస వెంట ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచింది. పుష్పలత చెప్పాల్సింది చెప్పేసింది, ఇంక బతిమాలదలుచుకోలేదు.

"సారూ, చాయ్ సల్లారుతుంది" అంది నాగలక్ష్మి, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆయన పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పేరు మీద గీత పడలేదు. రిజిస్టర్ మూసి సంచిలో వేసుకున్నాడు. తను రాసి తెచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో నలిపాడు. పుష్పలత చేతిలోని నోటుబుక్కు వైపు ఒకసారి చూసి, లేచి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.